ముందు మూడు గొర్రెలు అప్పగించి చూడండి

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర లంక గ్రామమండి. నా వయసు 68. మా తాత నాటి నుంచి గొర్రెలే మాకు ఆధారం. ఇప్పుడు మందలో యాభై దాకా ఉన్నాయి. నా కొడుకు ఈ పని వద్దని రాజమండ్రి వెళ్ళిపోయాడు. మనవడు ఇంటరు అయ్యాక ‘తాతా, గొర్రెలు నేను చూసుకుంటాను’ అంటూ వచ్చి నా దగ్గరే ఉంటున్నాడు. నాకు సంతోషమే. కానీ ఫోనులో వీడియోలు చూసి, లోను పెట్టి వంద గొర్రెలతో షెడ్డు వేద్దామంటాడు. వాడి స్నేహితులు ఇద్దరు కూడా నేర్పమని తిరుగుతున్నారు. నాకు చేసుకుపోవడమే గానీ చెప్పడం రాదండి. ఒకటికి రెండుసార్లు అడిగితే నాకు కోపం వస్తుంది, వాడికి విసుగొస్తుంది. పోయిన వానాకాలం వాడి చేతిలోనే రెండు పిల్లలు చచ్చిపోయాయి. అప్పట్నుంచి గొర్రె ఈనుతుంటే దగ్గరికి రావడం లేదు. కుర్రాళ్ళకి ఈ పని ఎక్కణ్ణుంచి మొదలెట్టి నేర్పాలి? లోను సంగతి ఏం చెయ్యమంటారు? ఈ ఉత్తరం తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనవరాలి చేత రాయించాను.

జవాబు:

బాబాయి గారూ,

లోను సంగతి ముందు తేల్చేద్దాం. ఈ ఏడాది వద్దు. మీ మనవడు చెబుతున్నది కేంద్ర ప్రభుత్వపు నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ పథకం అయ్యుంటుంది. 100 గొర్రెలు, 5 పొట్టేళ్ళ యూనిట్‌కు పెట్టుబడిలో సగం, 10 లక్షలు దాటకుండా, రాయితీ ఇస్తారు. అదీ రెండు విడతలుగా వస్తుంది. మిగతా సగం సొంత డబ్బో బ్యాంకు అప్పో తెచ్చుకోవాలి. పథకం మంచిదే. దరఖాస్తు పెట్టేవాడికి శిక్షణ గానీ అనుభవం గానీ ఉండాలని అందులోనే రాసి ఉంది, అది ఊరికే పెట్టిన షరతు కాదు. నాలుగు సంతల్లో కొన్న వంద జీవాలు ఒకే షెడ్డులోకి చేరాయంటే, వాటిలో ఏదో ఒకటి పారుడు (విరేచనాల) రోగాన్నో బొబ్బరోగాన్నో వెంట తీసుకొచ్చే ప్రమాదం ఉంటుంది. మొదటిరోజే దాన్ని గుర్తుపట్టి వేరు చేసే కన్ను లేకపోతే వారం పదిరోజుల్లో మందంతా పాకుతుంది. బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు.

కాబట్టి వాడితో ఇలా ఒప్పందం చేసుకోండి. మీ మందలోంచి మూడు గొర్రెలు ఏడాదిపాటు వాడివి. ఒకటి సూడిది (కడుపుతో ఉన్నది), ఒకటి పాలు తాగే పిల్ల ఉన్నది, ఒకటి ఇంకా ఎదకు రావలసింది. స్నేహితులిద్దరికీ వాళ్ళ ఇళ్ళలో ఒప్పుకుంటే తలా రెండు చాలు. పొట్టేలు కట్టిన రోజు నుంచి ఈనేదాకా అటూ ఇటూగా 150 రోజులు, పిల్ల పాలు మానేదాకా మరో మూడు నెలలు. ఏడాది గడిస్తే ఒక పూర్తి చుట్టు వాడి చేతుల మీదుగా నడుస్తుంది. అంతకంటే ముఖ్యం, ఆ ఏడాదిలో సార్వా (వానాకాలపు వరి) ఊడ్పులు, వరద, కోతలు, దాళ్వా (రెండో పంట వరి), ఎండాకాలంలో కాలువలు కట్టేసే రోజులు అన్నీ వచ్చిపోతాయి. మన డెల్టాలో గొర్రెకు ఒక్కో కాలంలో ఒక్కో గండం. ఇవన్నీ ఒకసారి చూసినవాడు వందకు ఎదిగినా తట్టుకుంటాడు.

ఇక మీకు చెప్పడం రాదన్న మాట. మీ వయసు కాపర్లు చాలామంది ఇదే అంటారు. నాకు అర్థమైంది ఇది: మీ కన్ను చేసే పనిని మీరు బయటికి అనడం లేదు. పొద్దున్నే దొడ్డి తడిక తీసి పక్కన నిలబడతారు. యాభై గొర్రెలు మీ ముందు నుంచి పోతాయి. ఏది చివర లేచింది, ఏది ముందుకాలు ఎత్తి వేస్తోంది, ఏ తల్లి పొదుగు ఒక పక్క బిగిసి ఉంది, దేని తోకకు పారుడు అంటుకుంది, ఇవన్నీ మీకు అందుతాయి. పక్కనే ఉన్న కుర్రాడికి గొర్రెలు పోతున్నాయని మాత్రమే కనబడుతుంది. అందుకని మొదటి నెల మందు వద్దు, సూది వద్దు. తడిక దగ్గర నిలబెట్టి, మంద వెళ్ళాక, “ఏం కనబడిందిరా?” అని అడగండి. వాడు చెప్పేదాకా ఆగండి. తర్వాత మీకు కనబడింది పైకి చెప్పండి, ఎందుకలా అనుకున్నారో కూడా చెప్పండి. కోపం వచ్చినప్పుడు మీరే చెయ్యి వేసి పని కానిచ్చేస్తారు, నేర్పడం ఆగిపోయేది అక్కడే. ఆ ఒక్కటీ చూసుకోండి.

సాయంత్రం దొడ్డికి తోలాక కాసేపు కూర్చోబెట్టండి. గొర్రె పడుకుని నెమరు వేస్తోందా? పెంటికలు విడివిడిగా పడుతున్నాయా, ముద్దగా పడుతున్నాయా? డొక్క లేస్తూ దిగుతూ ఉండటం నీడపట్టున కూడా మామూలు కంటే వేగంగా ఉందా? థర్మామీటరు ఒకటి కొనివ్వండి. గొర్రెకు 102, 103 డిగ్రీలు ఉండటం మామూలే, మనిషి లెక్కన చూసి జ్వరమని కంగారు పడనక్కర్లేదు.

రెప్ప చూడటం మాత్రం తప్పకుండా నేర్పండి. ఇది మీకు అలవాటే అయినా, కుర్రాడికి చెయ్యి పట్టి చూపించాలి. గొర్రెను గోడవారకు ఆనించి, మోకాలితో మెల్లగా ఆపాలి. ఒక బొటనవేలితో పై రెప్పను మూసి కాస్త అదమాలి, రెండో బొటనవేలితో కింద రెప్పను లాగాలి. లోపలి పొర బయటికి వస్తుంది. ఎండవెలుగులోనే చూడాలి, పాకలో చీకట్లో చూస్తే రంగు తెలియదు. ఎర్రగా ఉంటే బాగున్నట్టు. గులాబీ రంగు తగ్గి పాలిపోతుంటే అనుమానించాలి. తెల్లగా ఉంటే ఒంట్లో రక్తం లేదని, కడుపులో నట్టలు (పురుగులు) గానీ, కార్జంలో (లివరులో) జలగలు గానీ పీలుస్తున్నాయని లెక్క. రెండు క్షణాల్లో చూసి వదిలెయ్యాలి, ఎక్కువసేపు లాగి ఉంచితే పొర ఎర్రబడి మోసం చేస్తుంది. మూడు గొర్రెలకూ వారానికొకసారి చూడమనండి. కొన్నాళ్ళకు మీ యాభైకీ వాడే చూస్తాడు.

కార్జపు జలగ మన ప్రాంతపు గొర్రెకు పెద్ద శత్రువు. వాడు వీడియోల్లో చూసే మందలు ఎక్కువగా రాయలసీమవో తెలంగాణ మెట్టవో అయ్యుంటాయి. అక్కడి షెడ్డు, అక్కడి మేపు మన నీటినేలకు సరిపోవు, ఈ మాట వాడికి గట్టిగా చెప్పండి. బోదెల్లో (చిన్న పంటకాలువల్లో), మురుగుకాలువ అంచుల్లో, వరిచేలో ఉండే నత్తల్లో జలగ పిల్లలు పెరిగి, బయటికొచ్చి నీటి అంచున గడ్డికి అతుక్కుంటాయి. ఆ గడ్డి మేసిన గొర్రె కొన్ని వారాలకు పాలిపోతుంది, చిక్కుతుంది, దవడ కింద నీరు దిగుతుంది. ఆ వాపు పగలంతా తల వంచి మేశాక సాయంత్రం బాగా కనబడుతుంది, తెల్లారేసరికి తగ్గుతుంది. పొద్దున్న చూసి ‘ఏమీ లేదు తాతా’ అంటే నమ్మేయకండి, సాయంత్రం మళ్ళీ చూడమనండి. ఒకరోజు కుర్రాళ్ళను బోదె గట్టుకు తీసుకెళ్ళి గడ్డి మొదట్లో నత్తల్ని చేత్తో తీయించి చూపించండి. నీటి అంచు వదిలి పైగట్టున మేపమని మీరు ఎందుకంటారో అప్పుడు తెలుస్తుంది.

నట్టల మందు విషయంలో రెండు మాటలు. గుండ్రటి నట్టలకు వాడే మందులన్నీ జలగకు పనిచేయవు, కాబట్టి పెంటికలు పరీక్ష చేయించి ఏ మందో డాక్టరుగారినే అడగండి. కట్టిన తొలి నెల రోజుల్లో ఆల్బెండజోల్ పట్టకూడదు, కడుపులో పిల్లకు ముప్పు. మోతాదు బరువును బట్టే ఇవ్వాలి. ‘మిగిలిపోతుంది, అందరికీ సర్దుదాం’ అని తక్కువ పోస్తే నట్టలు ఆ మందుకు అలవాటుపడి, తర్వాత ఎంత పోసినా చావవు. పట్టేటప్పుడు గొర్రె తల ఆకాశం వైపు ఎత్తడం మన వాళ్ళకు అలవాటు, అది మాన్పించండి. మూతి నేలకు సమంగా ఉంచి, నోటి మూల నుంచి కొంచెం కొంచెంగా పోయాలి. దగ్గిందా, వెంటనే వదిలెయ్యాలి. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోయిన మందుకు విరుగుడు లేదు.

మనవడు ఈతలప్పుడు దూరంగా ఉంటున్నాడన్నది నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. వాడు భయపడుతున్నది మళ్ళీ చంపేస్తానేమోనని. ‘మగాడివి, దానికేంట్రా’ అని తీసిపారేయకండి. ఆ రెండు పిల్లలూ ఎందుకు పోయాయో కలిసి కూర్చుని ఆలోచించండి. వానలో తడిసి చలికి పోయాయా, ముర్రుపాలు అందలేదా, బొడ్డు చీము పట్టిందా? కారణం దొరికితే వాడికి చెయ్యాల్సిన పని దొరుకుతుంది. అప్పటిదాకా అది వాడికి నేరంలాగే ఉండిపోతుంది.

ఈసారి సూడిగొర్రె ఈనే రాత్రి వాణ్ణి పక్కనే కూర్చోబెట్టుకోండి, పనంతా వాడి చేతే చేయించండి. గొర్రె విడిగా పోయి కాలితో నేల గీకుతుంది, లేస్తుంది, పడుకుంటుంది. ఉమ్మనీటి సంచి పగిలాక ముందు రెండు గిట్టలు, వాటి మీద ముక్కు కనబడితే సరైన ఈత, చెయ్యి పెట్టనక్కర్లేదు. తల్లి బాగా ముక్కుతూ గంట దాటినా ఏమీ రాకపోయినా, ఒక్క కాలే వచ్చినా, తోక ముందు వచ్చినా, సొంతంగా లాగొద్దు. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి చెబుతారు, మీ ఊరి పశువుల డాక్టరు నంబరు ముందే గోడ మీద రాసి ఉంచండి. పిల్ల పడగానే ముక్కులో నోట్లో జిగురు తుడవాలి. ఊపిరి అందకపోతే పొడి గోనెగుడ్డతో రొమ్ము రుద్దాలి, గడ్డిపరకతో ముక్కులో కదిపితే తుమ్ముతుంది. తల్లి నాకేదాకా ఎవరూ ఎత్తుకోకూడదు, ఆ నాకుడుతోనే పిల్లను తల్లి గుర్తుపెట్టుకుంటుంది. బొడ్డును టింక్చర్ అయోడిన్‌లో ముంచాలి. చన్నుల్లో అడ్డుగా ఉండే మైనంలాంటి బిరడాను ఒక్కసారి పిండి తీసేసి, గంటలోపు ముర్రుపాలు తాగేలా చూడాలి. రెండున్నర కిలోల పిల్లకు మొదటి రోజంతా కలిపి కనీసం పావులీటరు అందాలి. పిల్ల పొట్ట వేలితో తడిమి చూడమనండి. నిండిన పొట్టకూ ఖాళీ పొట్టకూ తేడా వేలికే తెలుస్తుంది, ఒక్కసారి తెలిస్తే ఇక మరిచిపోడు. చప్పరించే ఓపిక లేని పిల్ల నోట్లో సీసాతో పాలు పోయకూడదు, అది ముందు వెచ్చబడాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. ఈసుకుపోయిన (నెలలు నిండకుండా పడిపోయిన) పిల్లనూ మాయనూ వట్టి చేతులతో ముట్టుకోనివ్వకండి. చేతికి తొడుగులు వేసుకుని, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. మనుషులకు అంటుకునే రోగాలు అందులో ఉండొచ్చు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు ఈతల దగ్గరికి రాకపోవడమే మంచిది.

దొడ్డి విషయం. మెట్టలో మట్టినేల చాలు. మన దగ్గర సార్వా మొదలైతే నేల ఆరదు, గిట్టల మధ్య కుళ్ళు పట్టి గొర్రె కుంటుతుంది. రెండు మూడు అడుగుల ఎత్తున వెదురుతోనో కొబ్బరి పట్టెలతోనో మంచెలా వేస్తే పెంటికలు, ఉచ్చ కిందికి దిగిపోతాయి. పట్టెల మధ్య సందు పెంటిక పడేంత ఉండాలి, పిల్ల కాలు దూరేంత ఉండకూడదు. పెద్ద గొర్రెకు పది చదరపు అడుగులు లెక్కేసుకోండి. మూడు గొర్రెలకూ వాటి పిల్లలకూ చిన్న మంచె కుర్రాళ్ళ చేతే కట్టించండి. రేపు వందకు కట్టేటప్పుడు ఎక్కడ తప్పు జరుగుతుందో ఇప్పుడే తెలుస్తుంది.

మేతలో డెల్టా కుర్రాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాల్సినవి మూడున్నాయి. కోతలయ్యాక చేలో రాలిన గింజలు, కళ్ళాల్లో ఆరబోసిన ధాన్యం ఎక్కువగా తింటే కడుపులో పులిసి గొర్రె కూలబడుతుంది, చిటుక రోగం విరుచుకుపడేదీ అప్పుడే. చిటుక రోగానికి రాత్రి బాగున్న గొర్రె తెల్లారేసరికి చచ్చి పడుంటుంది, మందు వేసే వ్యవధి ఉండదు. తొలకరికి ముందే టీకా వేయించాలి. రెండోది పిల్లిపెసర చేను. మంచుతో తడిసి ఉన్నప్పుడు ఖాళీ కడుపుతో వదిలితే ఎడమ డొక్క ఉబ్బిపోతుంది. ముందు ఎండుగడ్డి కాస్త తినిపించి, మంచు ఆరాక కొద్దిసేపే మేపాలి. మూడోది పురుగుమందు. కాపరి పిల్లవాడు ఏ చేలో ఎప్పుడు కొట్టారో రైతును అడిగి తెలుసుకోవాలి, కొట్టిన చేను గట్టు ఎక్కకూడదు. నోట నురగ, వణుకు కనబడితే డాక్టరు దగ్గరికి పరుగే. కొట్టిన మందు డబ్బా కూడా తీసుకెళ్ళాలి.

పారుడు రోగం టీకా ఒకసారి వేయిస్తే మూడేళ్ళు కాపాడుతుంది, మూడు నాలుగు నెలలు దాటిన పిల్లలకు వేయించొచ్చు. టీకా మందు ఐసు పెట్టి తేవాలి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. తెచ్చే బాధ్యత కుర్రాళ్ళకు ఇవ్వండి. ఎండాకాలం బయటి నుంచి వచ్చే మందలతో చెరువు దగ్గర కలవనివ్వకండి. కొత్తగా కొన్న జీవాన్ని మూడు నాలుగు వారాలు విడిగా కట్టాలి.

మీది లంక, 1986 ఆగస్టు మీకు గుర్తుండే ఉంటుంది. మనవడికి అది కథ. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మందను ఏటిగట్టు ఎక్కించేది మొదటి హెచ్చరికకే. సూడివి, పసిపిల్లలు ఉన్నవి ముందు పోవాలి. గట్టు మీద మేత ఉండదు, ఎండుగడ్డి మోపులు ముందే చేర్చుకోవాలి. వాన తెరిపిచ్చిన ఒకరోజు వాళ్ళ చేత ఉత్తి పుణ్యానికే ఒకసారి ఎక్కించి చూడండి. ఏ దారిన ఎంతసేపు పడుతుందో, ఏ గొర్రె పడవ చూసి బెదురుతుందో అప్పుడు తెలుస్తుంది. వరద తగ్గాక దోమకంటే చిన్నవైన కుట్టే పురుగులు లేచి నీలి నాలుక రోగం తెస్తాయి. మూతి వాచి, ముక్కు కారి, కుంటుతుంటే వెంటనే చెప్పమనండి.

రైతు చేలో మంద కట్టే బేరానికి వెళ్ళేటప్పుడు కుర్రాణ్ణి వెంటబెట్టుకెళ్ళండి. ఎన్ని రాత్రులకు ఎంత, పక్క చేలో పడితే ఎవరు ఏం మాట్లాడాలి, ఇదంతా ఏ వీడియోలోనూ ఉండదు. ఎరువు కోసం పిలిచే రైతుతో మీకున్న మాటే రేపు వాడికి ఆస్తి. పొట్టేలు పిల్లను అమ్మే రోజు కంటిచూపు బేరానికి ఒప్పుకోకండి, కాటా మీద పెట్టించండి. నెలనెలా తూచి రాసుకున్న లెక్క ఉంటే ఎంతకు అమ్మాలో వాడే చెబుతాడు. ఆ డబ్బు వాడి చేతికే ఇవ్వండి, దాణా, మందుల ఖర్చు కూడా అందులోంచే తీయించండి.

మీరు అడగని మాట ఒకటుంది. ఉత్తరం రాసిన మనవరాలిని ఈ లెక్కలో చేర్చారా? ఆ అమ్మాయి అక్షరం పొందికగా ఉంది, నత్త నుంచి రెప్ప దాకా చూడగలిగే వయసు. చెవికి వేసిన నంబరు, కట్టిన తేదీ, ఈనిన తేదీ, పిల్ల బరువు, వేసిన మందు, పోతే ఎందుకు పోయింది అన్న కారణం, ఇవన్నీ ఒక పుస్తకంలో రాయడం ఆ అమ్మాయి పనిగా పెట్టండి. కానీ పుస్తకం దగ్గరే ఆపొద్దు, ఒక గొర్రెను కూడా పేరు పెట్టి ఇవ్వండి. మందలో ఆడవాళ్ళ పని చాకిరీగానే మిగిలిపోయింది, నిర్ణయం చేతికి రాలేదు. పదో తరగతి అయ్యాక ఇష్టమైతే తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద రెండేళ్ళ పశుసంవర్ధక డిప్లొమా ఉంది. ఈ పుస్తకం రాసిన పిల్లకు ఆ చదువు కొత్తగా ఉండదు. బడి మాన్పించి మాత్రం ఎవరినీ మంద వెంట పంపకండి. తడిక దగ్గర పొద్దున అరగంట, సాయంత్రం అరగంట, సెలవు రోజున మేపు, బడి పిల్లలకు ఇది చాలు.

మనవడి ఫోను మీద కోపం పెట్టుకోకండి. కుంటే గొర్రె నడకను, రెప్ప రంగును, పారుడును ఫోటో తీసి డాక్టరుగారికి పంపితే సగం పని అయిపోతుంది. మందుల షాపులో అడిగి సూదిమందు తెచ్చి తామే పొడవడం మాత్రం వాళ్ళకు నేర్పొద్దు, మీరూ చెయ్యొద్దు.

మూడు గొర్రెల్ని ఎంచేటప్పుడు పళ్ళు వాళ్ళ చేతే చూపించండి. కింది దవడకే ముందు పళ్ళుంటాయి, రెండో నాలుగో పెద్ద పళ్ళు వచ్చినవాటిని తీసుకోండి, వాటికింకా చాలా ఈతలున్నాయి. పొదుగు రెండు వైపులా మెత్తగా ఉందా, గిట్టలు సమంగా ఉన్నాయా తడిమి చూడమనండి. మందలో మంచివే ఇవ్వండి. పనికిరానివి ఇచ్చి నేర్చుకోమంటే కుర్రాడికి పని మీద నమ్మకం పోతుంది. కాలువలు కట్టేసే రోజుల్లో, నేల ఆరి ఉన్నప్పుడు మొదలెడితే వానలొచ్చేలోపు మంచె కట్టుకోవడానికీ టీకాలకూ వ్యవధి దొరుకుతుంది.